నీడ సారు

సంగారెడ్డి,
12 నవంబర్ 2025

చిరంజీవి సుమిత్‌కు వదిన రాస్తున్నది.

ఉత్తరం చూసి కంగారుపడకు. మోకాళ్లు తప్ప అత్తయ్య బాగానే ఉన్నారు. నువ్వు ఆదివారాలు ఆమెకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉంటాను. "జెర వదినకియ్యమ్మా" అని నువ్వడగడం వినబడుతూనే ఉంటుంది. నేను చెయ్యి ఊపేసి వంటింట్లోకి వెళ్లిపోతాను. నీ మీద కోపం కాదు. ఆ రోజు ఫోన్ మోగినప్పుడు మీ అన్న పేరే కనిపించింది. ఎత్తగానే "ఇంకా ఎంతసేపు, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అన్నాను. అవతల ఎవరో మగమనిషి. "అమ్మా, ఈ ఫోను ఎవరిది? కంది ఊరి కాడ రోడ్డు మీద దొరికింది" అన్నాడు. అప్పటినుంచి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చెయ్యి కొయ్యబారిపోతుంది. నాది స్విచాఫ్ చేసి దుకాణం గల్లాపెట్టెలో పడేశాను. అందుకే ఉత్తరం. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

పని ఏమిటంటే, మీ అన్న ఫోటోలు పెట్టుకునే ఆ ఫోటోగూడు సైటు దుకాణం కంప్యూటర్‌లో ఎప్పుడూ తెరిచే ఉండేది. నేను దాన్ని మూయలేదు. సాయంత్రం బిల్లులు ముగించి రేఖ ఇంటికి వెళ్లాక, షట్టర్ సగం దించి, బాణం గుర్తు నొక్కుతూ కాసేపు చూసేదాన్ని. పోయిన వారం నుంచి పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏదో కొత్తగా మార్చారట. ఆ ఖాతా తెరిచిపెట్టింది నువ్వే కదా, నీకు తెలిసే ఉంటుంది. రేఖను అడగలేను. కందుల లెక్క రాసే పిల్లకు నేను రోజూ కూర్చుని ఏం చూస్తానో తెలియడం నాకిష్టం లేదు.

ఏడవడానికి చూస్తానని అనుకోకు. నాకు ఏడుపు రాలేదని మీ అందరికీ తెలుసు. "గీ పిల్లకు గుండె ఉన్నదా లేదా" అని మీ పెద్దమ్మ పదకొండో రోజున నా మొహం మీదే అంది. ఉంటే నాక్కూడా తెలిసేది.

ఇంకొకటి. ఫిబ్రవరిలో సంవత్సరీకం నాటికి గోడకు ఫోటో ఉండాలని అత్తయ్య పట్టు. పెళ్లి ఆల్బంలో ఉన్నది ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రాడు. ఆ తర్వాత ఏ పెళ్లిలో చూసినా ఆయన కెమెరా వెనకే. మిగిలింది ఆధార్ కార్డు. స్టూడియో శ్రీశైలం దాన్నే పెద్దది చేస్తానన్నాడు. "కోటు గుడ ఏస్త అక్కా, నీలం రంగుది, మస్తుంటది" అన్నాడు. మీ అన్న కోటు వేసుకోవడం ఎప్పుడైనా చూశావా?

వేళకు తింటున్నావని అనుకుంటాను.
విమల

*

దహేజ్, గుజరాత్,
21 నవంబర్ 2025

వదినకు నమస్కారాలతో సుమిత్.

మీ అక్షరాలు చూసి చాలా సంతోషం వేసింది. మా రంగుల ఫ్యాక్టరీలో గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు, కాబట్టి మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉత్తరం చదువుకునే మనిషిని నేనొక్కణ్ణే. ఒరియా కుర్రాళ్లు లవ్ లెటరా అని ఏడిపించారు. మా వదిన రాసిందంటే నమ్మలేదు.

ఫోటోగూడు సంగతి. వాళ్లు మొత్తం కొత్తగా కట్టారు వదినా, చూస్తే ఆశ్చర్యపోతారు. ఏ ఫోటో ఎక్కడ తీశారో పటం మీద చుక్కలుగా చూపిస్తుంది. అన్న చుక్కలన్నీ కర్దనూర్ చెరువు చుట్టూ, కంది పొలాల్లో, కొన్ని హత్నూర వైపు. పిట్ట ఫోటో పెడితే దాని పేరు అదే చెప్తుంది. అన్న పుస్తకాలు తిరగేసుకుంటూ గంటలు గంటలు వెతికేవాడు, పాపం. అన్నిటికన్నా మంచిది 'శుభ్రం' అని ఒకటి వచ్చింది. ఫోటోలో అక్కర్లేని కరెంటు తీగలు, ప్లాస్టిక్ సంచులు, అడ్డొచ్చిన మనుషులు, నీడలు, అన్నీ తుడిచేసి వెనక ఉండాల్సినదాన్ని అదే నింపేస్తుంది.

అన్నకు ఇది ఎంత అవసరమో మీకు తెలుసు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయాలని చిన్నప్పుడు ఎవరో చెప్పారు, ఆ మాట చివరిదాకా పట్టుకున్నాడు. పొద్దున్నే తీస్తాడు కాబట్టి తన నీడే పొడుగ్గా ఫోటోలో పడేది. ఫోటోగూడులో ఫోటోలు చూసేవాళ్లు అందుకే నీడ సారు అని పేరు పెట్టారు. నాకు ఫోన్ చేసి "మళ్ల పడ్డదిరా దరిద్రపు నీడ, బంగారమసోంటి ఫోటో ఖరాబైంది" అనేవాడు. ఇప్పుడు ఆ దరిద్రం వదిలించవచ్చు. ఉచిత ఖాతా కాబట్టి చోటు లేదు, పాతవాటి మీదనే కొత్తవి రాసేస్తుంది. మీరు సరేనంటే ఒక్కొక్కటీ కూర్చుని చేస్తాను. పాస్‌వర్డ్ అప్పుడే పంపుతాను, మధ్యలో చూస్తే సగం సగం బాగుండదు.

సంవత్సరీకానికి నేనే కదా కూర్చోవాల్సింది, సెలవు పెట్టాను. గోడకు ఏ ఫోటో కావాలో చెప్పండి, ఇక్కడ మంచి ల్యాబ్ ఉంది.

చివరిగా ఒక మాట. ఫోటోగూడులో వాళ్లకు అన్న సంగతి తెలియదు. నీడ సారు కనబడటం లేదేమని అడుగుతూనే ఉన్నారు. చెప్పమంటారా?

మీ సుమిత్

*

సంగారెడ్డి,
2 డిసెంబర్ 2025

సుమిత్‌కు,

నీ ఉత్తరం అందింది. కొత్త కందులు వచ్చే లోపల పాత సరుకు తీసెయ్యాలి, గోదాం పని మీద ఉన్నాను. ఉప్పు వేశానో లేదో గుర్తుండటం లేదు. అత్తయ్య నిన్న పప్పు నోట్లో పెట్టుకుని నీళ్లు తాగారు. నేనూ అదే తిన్నాను, నాకు తేడా తెలియలేదు.

పటం, చుక్కలు అని నువ్వు రాసినవి చదివాను కానీ బుర్రకెక్కలేదు. నీకు తోచినట్టు చెయ్యి.

గోడకు కర్దనూర్ చెరువు బాతుల ఫోటో కావాలి. గట్టు మీంచి తీసినది, నీళ్లలో బాతులు వరసగా పోతుంటాయి. అత్తయ్యను ఒకసారి దుకాణానికి తీసుకొచ్చి చూపించాను, ఆమెకూ అదే నచ్చింది. వేరే ఏదీ వద్దు. కోటు గొడవ తప్పుతుంది. పెద్దదిగా తీయించి పంపు.

పాస్‌వర్డ్ తొందరగా పంపితే మంచిది. సాయంత్రాలు షట్టర్ దించాక ఏం చేయాలో తెలియడం లేదు.

విమల

*

దహేజ్,
19 డిసెంబర్ 2025

వదినకు సుమిత్ నమస్కారాలు.

దీనితోపాటే పార్సిల్ వస్తుంది, జాగ్రత్తగా విప్పండి, గాజు ఉంది. టేకు చట్రం కట్టించాను.

అన్నీ అయిపోయాయి వదినా. డ్యూటీ నుంచి రాగానే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చేశాను. మొదట్లో ఒక్కొక్కటీ చేసేవాణ్ణి, తర్వాత మొత్తానికి ఒకేసారి నొక్కే సదుపాయం కనిపించింది. ఎంత బాగా వచ్చాయో! మీరు అడిగిన బాతుల ఫోటో చూస్తే నాకే నమ్మకం కలగలేదు. గట్టు మీద గడ్డి ఎక్కడా అతుకు లేకుండా నిండిపోయింది. ల్యాబ్ వాడు ఇది ఎవరు తీశారని అడిగాడు. మా అన్న అని చెప్పాను, ఇంకేం చెప్పలేదు.

పాస్‌వర్డ్ విడిగా కాగితం మీద రాసి పెట్టాను. నేను అన్నకు ఏమీ చేయలేకపోయాను, ఆ రోజు కూడా అన్నీ అయిపోయే వేళకు చేరాను. ఇదొక్కటైనా చేశానని తృప్తిగా ఉంది.

మీ సుమిత్

*

సంగారెడ్డి,
27 డిసెంబర్ 2025

సుమిత్,

పార్సిల్ చేరింది. గాజు పగల్లేదు.

అత్తయ్య ముందే విప్పాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాతులైతే మంచిగనే ఉన్నయి. బద్రి ఏడి?" అన్నారు.

ఆ ఫోటోలో కింద గట్టు మీద ఆయన ఉండేవారు. ఎండకు టోపీ, ఎడమ భుజానికి సంచి, ఆ బరువుకు ఆ భుజం కొంచెం కిందికి, రెండు మోచేతులు బయటికి. కెమెరా పట్టుకుంటే ఆయన అట్లాగే నిలబడతారు. మెడ ఎక్కడ వంగుతుందో నాకు తెలుసు. బాతులు నాకెందుకు? మనింట్లో ఎవరైనా బాతుల్ని అడిగారా?

దుకాణానికి వెళ్లి నువ్వు పంపిన పాస్‌వర్డ్ కొట్టాను. బాణం నొక్కుతూ పోయాను. కంది పొలంలో లేరు. హత్నూర దారిలో లేరు. జొన్నచేలో టోపీ ఒక్కటే పడేది, అదీ లేదు. చివరిదాకా నొక్కాను, మళ్లీ మొదటికి వచ్చింది.

ఒకటి అడుగుతాను. కావాలనే చేశావా? నేనిక ఆయన్ని మరచిపోతే మంచిదని మీరంతా అనుకుని చేయించారా? అట్లా అయితే చెప్పు. నాకు కోపం కూడా రావడం లేదు, తెలుసుకుందామని అంతే.

విమల

*

దహేజ్,
5 జనవరి 2026

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఒట్టు, కావాలని చేయలేదు. మీరు బాతుల ఫోటో అన్నారు, నేను బాతుల్నే చూశాను. అన్నకు నచ్చనిది తీసేస్తున్నాననే అనుకున్నాను. నీడ వదినా, నీడ. ఫోటో చెడిపోవడంగా తప్ప నాకు ఎప్పుడూ ఇంకోలా కనబడలేదు. మీ ఉత్తరం చదివాక కళ్లు మూసుకుంటే అదొక్కటే కనబడుతోంది. మీరు రాసినట్టే, ఎడమ భుజం కిందికి.

ఫోటోగూడు వాళ్లకు రాశాను. వెంటనే జవాబు వచ్చింది, 'శుభ్రం మీకు నచ్చినందుకు ధన్యవాదాలు' అని. మనిషి కాదు, మిషను రాస్తుంది. మళ్లీ రాశాను. ఈసారి మనిషే రాసినట్టున్నాడు. పాతవాటి మీద రాసేశాక వెనక్కి రావని, విచారిస్తున్నామని చెప్పాడు. మా ఆఫీసులో కంప్యూటర్లు తెలిసిన రాజశేఖర్ సారును కూడా పట్టుకున్నాను. లాభం లేదన్నాడు.

పోలీసులు ఇచ్చిన సంచిలో కెమెరా ఉంది కదా. అందులో కార్డు చూడండి. పాతవి ఏవైనా ఉండొచ్చు. ఒక్కటి ఉన్నా చాలు.

నన్ను తిట్టండి వదినా. తిట్టకుండా ఇలా రాస్తే భయమేస్తోంది.

సుమిత్

*

సంగారెడ్డి,
17 జనవరి 2026

చిరంజీవి సుమిత్‌కు,

కార్డు చూశాను. ఖాళీ. శనివారం రాత్రి ఫోటోలు ఫోటోగూడులోకి ఎక్కించేయడం, కార్డు తుడిచేయడం, ఆదివారం పొద్దున ఖాళీ కార్డుతో బయలుదేరడం ఆయన పద్ధతి. ఇంకో కార్డు కొనుక్కోమంటే "ఒక్క సంచిల ఎన్ని కందులు పడ్తయో అన్నే పోస్తం" అనేవారు. ఆ రోజు చెరువు దాకా పోనేలేదు కదా. ఏమీ తీయలేదు.

నిన్ను తిట్టడానికి నాకు ఓపిక లేదు, కారణమూ లేదు. నీకు తోచినట్టు చెయ్యమని రాసింది నేనే. నువ్వు అడిగింది సరిగ్గా చదవను కూడా లేదు. కావాలనే చేశావా అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అత్తయ్య కూడా నీ మీద ఏమీ పెట్టుకోలేదు. "పోరడు గంత దూరంల ఒక్కడే ఉండి చేసిండు" అన్నారు.

సంవత్సరీకానికి ఒక రోజు ముందే రా. పొద్దున్నే కర్దనూర్ పోదాం. కెమెరా ఛార్జింగ్ పెట్టించాను. టోపీ ఇంట్లోనే ఉంది. ఆయన ఎత్తు, నీ ఎత్తు ఒకటే. మీ ఇద్దరి చొక్కాలూ నేనే ఇస్త్రీ చేసేదాన్ని, నాకు తెలుసు. నేను ఏం చేయాలనుకుంటున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. పిచ్చి పని అనిపిస్తే రాకముందే చెప్పు.

వచ్చేటప్పుడు ఏమీ తేకు.
వదిన

*

సంగారెడ్డి,
20 ఫిబ్రవరి 2026

చిరంజీవి సుమిత్‌కు,

రైల్లో సీటు దొరికిందని, చేరావని అత్తయ్య చెప్పారు. నువ్వు వెళ్లేటప్పుడు నా మొహం సరిగ్గా చూడలేదు. చెరువు దగ్గర నేనేమీ మాట్లాడలేదని నీ బాధ. అందుకే రాస్తున్నాను.

టోపీ పెట్టి, సంచి నీ భుజానికి తగిలించింది నేనే. నువ్వు కుడి భుజానికి మార్చుకోబోతే ఎడమకే ఉంచమన్నాను. నీ వెనక నిలబడి చూశాను. గట్టు మీద నీడ పడింది. టోపీ, సంచి, మోచేతులు. నువ్వు ఫోటో తీసి, కెమెరాలో చూపించి, "అచ్చం అన్నే వదినా" అన్నావు. నేను పక్కకు తిరిగాను. నాకు నచ్చలేదని నీకు అనిపించింది, కానీ సంగతి అది కాదు. సంచి బరువుకు నీ భుజం వంగలేదు. నీది బలమైన భుజం. అందరూ ఆయనే అంటారు, శ్రీశైలం కూడా అంటాడు. కాదని నాకు ఒక్కదానికే తెలుస్తుంది. ఆ తెలియడం ఎంత బరువో అప్పటిదాకా నాకు తెలియదు.

అందుకే మర్నాడు గోడకు నువ్వు పంపిన బాతుల ఫోటోనే పెట్టాను. నువ్వు పూజ మీద ఉన్నావు, వినలేదు. మీ పెద్దమ్మ "బాతులకు దండ ఏందే?" అంది. "ఆయన చూసింది అదే, పెద్దత్తయ్యా" అన్నాను. నిజమే కదా. ఆయన కళ్లకు కనిపించినవి బాతులు. చూసిన మనిషి లేడు, ఫోటోలోనూ లేడు. ఫోటో సరిగ్గానే ఉంది.

నువ్వు తీసింది ఏం చేయాలో తోచలేదు. సోమవారం రేఖకు అంతా చెప్పేశాను, ఏడాదిగా సాయంత్రాలు నేనేం చూసేదాన్నో కూడా. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. "నాకెర్కే అక్కా. మీరు సూస్తరనే పేజీ మూసేదాన్ని కాదు" అంది. నేను మూయలేదు కాబట్టే తెరిచి ఉందనుకున్నాను, చూడు.

ఇద్దరం కూర్చుని ఫోటో ఎక్కించాం. ఎక్కగానే ఒక ప్రశ్న వచ్చింది. రేఖ చదివింది. "అక్కా, ఫోటోల అక్కర్లేని నీడ ఉన్నదట. తీసెయ్యాల్నా అని అడుగుతుంది."

"ఉండనియ్యి" అన్నాను.

ఆమె 'ఉంచు' అన్నదాని మీద నొక్కింది. అది మళ్లీ అడిగింది, తీసేస్తే ఫోటో ఇంకా బాగుంటుందని. మళ్లీ ఉంచమన్నాం.

టీ తాగి వచ్చేలోపల ఫోటో కింద మాటలు వచ్చేశాయి. "నీడ సారు వచ్చిండు!" అని ఒకరు. "ఏడికి పోయిన్రు సార్ ఇన్ని దినాలు, పరేషానైనం" అని హత్నూర సోమయ్య అనే ఆయన. ఇంకెవరో చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు. ఆయన తిరిగి వచ్చారని అంతమంది సంబరపడటం నా కళ్లముందే జరుగుతోంది. నువ్వు నవంబర్‌లో అడిగావు, వాళ్లకు చెప్పమంటారా అని. నేను జవాబు రాయలేదు. వాళ్లకే కాదు సుమిత్, నేను ఎవరికీ చెప్పలేదు. బియ్యం కొనడానికి వచ్చినవాళ్లు సేటు ఏడి అంటే లేరు అనేదాన్ని, ఊరికి పోయినట్టు. ఆ రోజు నీకు ఫోన్ చేసి చెప్పింది కూడా పక్కింటి యాదన్నే. నా నోటితో ఆ మాట ఇప్పటికీ అనలేదు. ఇంతకుముందు రాసిన ఉత్తరాలు తీసి చూసుకో, ఎక్కడా ఉండదు.

రేఖ రాస్తానంది. వద్దన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టాను.

"సోమయ్య గారూ, ఈ నీడ ఆయన తమ్ముడిది. మా ఆయన బద్రీనాథ్ నిరుడు చనిపోయారు. ఆయన భార్య విమల."

పంపే ముందు రేఖ పైకి చదివింది. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపు వచ్చింది. దుకాణంలో, పట్టపగలు, కందుల సంచుల మధ్య. ఆపుకుందామనుకుంటే ఆగలేదు. బేరానికి వచ్చిన ఒకాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. రేఖ లేచి వెళ్లి, ఆయనకు "రేపు రాండ్రి" అని చెప్పి షట్టర్ దించింది. చాలాసేపు ఏడ్చాను. ఇంటికొచ్చాక ఆకలేసింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని తెలిసింది.

గల్లాపెట్టెలోంచి ఫోన్ తీసి ఛార్జింగ్ పెట్టాను. ఎవరు చేసినా ఎత్తుతానని కాదు. ఈ ఆదివారం అత్తయ్యకు కాకుండా నాకు చెయ్యి.

మీ వదిన విమల